ధరముద్ర చెప్పిన చరిత్ర

బేగూరు నాగేశ్వరాలయమున నున్న వీరగల్లుపై, క్రీ. శ. 890 ప్రాంతపు కన్నడ శాసనమున, మన నగరము పేరు కనబడుచున్నది. ఆ శిల యుద్ధమున మరణించిన వీరుని స్మృతికై నిలుపబడినది. ఊరిపేరు అందు ప్రసంగవశమున వచ్చినది మాత్రమే. దానిని చెక్కించినవారికి ఊరి చరిత్ర వ్రాయవలెనను తలంపు లేదు. అయినను నేడు బెంగుళూరు చరిత్ర వ్రాయబూనినవారు ఆ శిలను విడిచి ముందునకు పోజాలరు. చరిత్రకు అక్కరకు వచ్చు సాక్ష్యములలో పెక్కు ఇట్టివే. అవి ఒక పనికై పుట్టి, మరియొక పనికి నిలుచును.

ఈ వ్యాసమునకు నేను తీసికొనిన సాక్ష్యము శిల కాదు, రాగిరేకు కాదు. అమెరికాలో అచ్చుపడి, సముద్రము దాటి, ఇంగ్లండులో ధరముద్ర వేయించుకొని, తుదకు బెంగుళూరు పాతపుస్తకముల బజారునకు చేరిన బొమ్మలకథల పుస్తకము. దానినే మనవారు కామిక్సు అందురు. విద్వత్సభలలో దానికి పీట లేదు. ఇండ్లలో పెద్దలు దానిని చదువు చెరచు వస్తువుగనే ఎంచిరి. అయినను దాని అట్టపైనున్న చిన్న ముద్రను శ్రద్ధతో చదివినచో, దేశములు తమ ద్రవ్యమును ఎట్లు కాపాడుకొన్నవో, తమ బిడ్డలను గూర్చి ఎట్లు భయపడినవో, వస్తువులు ఏ త్రోవలవెంట నడచినవో తెలియగలదు.

ఈ విషయమున నాకు శ్రద్ధ కలుగుటకు ఒక తప్పు కారణము. ఆ తప్పు నాది. 1960ల చివర, నేను బడి చదువులో నుండగా, మా నాన్నగారు కంటోన్మెంటు వైపునుండి ఒక పాతకాగితముల కట్ట తెచ్చిరి. ఇల్లు వాకిలి అమ్ముకొని విదేశమునకు పోవు ఒక కుటుంబమువారు విడిచిన సామానులోనిది అది. అందులో నాలుగైదు కామిక్సు పుస్తకములు కలవు. ఒకదాని అట్టపై మూలను 12 సెంట్లని అచ్చువేసి యుండగా, వీరుని భుజముమీద ఊదారంగు సిరాతో గుండ్రని ముద్ర యొకటి పడియున్నది. ముద్రలో 9 అంకెయు, దానిప్రక్క ఇంగ్లీషు ‘డి’ అక్షరమును కనబడెను. బొమ్మ పాడైనదని నాకు దుఃఖము కలిగెను. రబ్బరు తడిపి అరగంట రుద్దితిని. ముద్ర పోయినది. దానితోపాటు కాగితము పైపొరయు పోయి, వీరుని భుజమున తెల్లని మచ్చ మిగిలెను.

నాన్నగారు దానిని వెలుతురునకు పట్టి చూచి, “అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే గుర్తురా! దాన్నే చెరిపేశావు” అనిరి. కోపపడలేదు. ఆ మాట నాకు అర్థమగుటకు చాలసంవత్సరములు పట్టినది.

ముందుగా ఆ పుస్తకముల పుట్టుకను గూర్చి చెప్పవలెను. అమెరికాలో నేటి రూపముగల బొమ్మలకథల పత్రికలు 1930ల నడుమ ఆరంభమైనవి. 1934లో ‘ఫేమస్ ఫన్నీస్’ అను పత్రిక పది సెంట్లకు అంగళ్ల యందు అమ్మబడెను. 1938 జూన్ తేదీతో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ లోకమునకు పరిచితుడయ్యెను. దాని ధరయు పది సెంట్లే. ఈ ధర 1961 చివరివరకు సామాన్యముగ మారలేదు. ధర పెంచుటకు మారుగ ప్రకాశకులు పుటలు తగ్గించుచు వచ్చిరి. పిదప 12 సెంట్లు, 1969లో 15 సెంట్లు అయినది. అనగా అట్టపైనున్న ధరయే ఆ పుస్తకము వయస్సును కొంతవరకు చెప్పును.

రెండవ ప్రపంచయుద్ధము ఈ పుస్తకముల ప్రయాణమును రెండు విధముల మార్చినది. ఒకవైపు అమెరికా సైనికులు వానిని తమ సంచులలో ప్రపంచమంతట త్రిప్పిరి. మన నగరమున 1940 డిసెంబరులో స్థాపితమైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారము 1943లో అమెరికా సైనిక వైమానిక దళము నిర్వహణలోనికి వచ్చి, వారి విమానములను బాగుచేయు కేంద్రమైనది. అందుచే అమెరికా సైనికులు ఈ ఊరి వీథులకు క్రొత్తవారు కారు. సైనికుని సంచివెంట వచ్చిన ప్రతికి సెంట్ల ధర తప్ప వేరొక ధర యుండదు. అది అంగడి త్రోవను వచ్చినది కాదు.

మరియొకవైపు, ఇంగ్లండు తన తలుపులు మూసికొన్నది. యుద్ధమునకు కావలసిన సరకులు అమెరికానుండి తెచ్చుకొనుటకు డాలర్లు అవసరము. ఉన్న కొద్ది డాలర్లను బొమ్మలపుస్తకములకు వెచ్చించుట సాధ్యము కాదు. కావున అమెరికా పత్రికల దిగుమతి నిలిపివేయబడెను. యుద్ధము ముగిసినను డాలర్ల కరవు తీరలేదు. ఆ నిషేధము 1959 వరకు సాగినది. ఈ నడిమికాలమున లెస్టరు నగరమునందలి థార్ప్ అండ్ పోర్టర్, లండనునందలి ఎల్. మిల్లర్ అండ్ సన్ మొదలగు సంస్థలు అమెరికా కథలను ఇంగ్లండులోనే తిరిగి అచ్చువేసి అమ్మెను. వీనిలో చాలవరకు లోపలిపుటలు నలుపుతెలుపులే. మిల్లర్ సంస్థ వేయుచున్న ‘కెప్టెన్ మార్వెల్’ కథలు అమెరికాలో ఆగిపోగా, వారు 1954లో ‘మార్వెల్‌మ్యాన్’ అను స్వంత వీరుని సృష్టించుకొనవలసివచ్చెను. లేమి ఒక్కొక్కప్పుడు సృష్టికి కారణమగుట ఇట్లే.

ఇదే కాలమున ఈ పుస్తకములను గూర్చి భయమును పుట్టినది. నేరములు, క్రూరకృత్యములు బొమ్మలలో చూపినచో పిల్లల మనస్సు చెడునని అమెరికాలో ఆందోళన చెలరేగెను. 1954లో ప్రకాశకులు తామే ఒక నియమావళి నేర్పరచుకొని, దానికి లోబడిన సంచికల అట్టపై తపాలాబిళ్ల ఆకారముగల ఆమోదముద్ర నచ్చువేసిరి. 1955లో బ్రిటిషు పార్లమెంటు పిల్లలకు హానికరములగు ప్రచురణలను అరికట్టు శాసనము చేసెను. మరుసటియేట, 1956లో, భారత పార్లమెంటును ఇట్టి శాసనమునే ఆమోదించెను. ఇరువదియేండ్ల లోపువారిని యువజనులుగ ఎంచిన శాసనమది. రెండేండ్ల వ్యవధిలో మూడు దేశములు ఒకే విధముగ భయపడుట గమనింపదగినది. కావున అట్టపై మూడు గుర్తులున్న ప్రతి చేతబడినచో, అందొకటి వెలను, ఒకటి నీతిని, ఒకటి ప్రయాణమును తెలుపునని యెరుగవలెను.

1959లో నిషేధము తొలగినది. థార్ప్ అండ్ పోర్టర్ సంస్థ అమెరికా ప్రతులనే నేరుగ తెప్పించి ఇంగ్లండంతట పంపిణీ చేయ మొదలిడెను. అయితే ఒక చిక్కు కలిగినది. అట్టపై సెంట్ల ధర యున్నది. కొనువాని జేబులో పెన్నీలున్నవి. అందుచే ప్రతి పుస్తకముపై రబ్బరుముద్రతో తొమ్మిది పెన్నీలని వేసి అంగళ్లకు పంపిరి. ఇంగ్లీషువారు పెన్నీకి ‘డి’ అక్షరమును వాడుట రోమనుల దెనారియస్ నాణెమునుండి వచ్చిన అలవాటు. మా నాన్నగారి కట్టలోని పుస్తకముపై నున్నది ఆ ముద్రయే.

తొమ్మిది పెన్నీలే ఏల? లెక్క సులభము. ఆనాడు ఒక పౌండుకు 2 డాలర్ల 80 సెంట్లు. పౌండుకు 240 పెన్నీలు. అట్లయిన పది సెంట్లకు ఎనిమిదిన్నర పెన్నీలు దాటును. పూర్ణాంకము చేసిన తొమ్మిది. అనగా ముద్ర వేసినవారు మారకపు రేటుకంటె మిక్కిలి ఎక్కువ తీసికొనలేదు. పిమ్మట అమెరికాలో ధర 12 సెంట్లయినను ఇంగ్లండులో కొంతకాలము తొమ్మిది పెన్నీలే నిలిచినది. ఆ తరువాత పది పెన్నీలు, మరికొంతకాలమునకు షిల్లింగు వచ్చెను. 1971 ఫిబ్రవరి 15న ఇంగ్లండు దశాంశ నాణెముల పద్ధతికి మారగా, ‘డి’ అక్షరము పోయి ‘పి’ అక్షరము వచ్చినది. కావున ముద్రలోని అంకెను, అక్షరమును చూచి, ప్రతి ఏ యేండ్లలో అంగడికి వచ్చెనో నిర్ణయింపవచ్చును.

ముద్రను చదువుటకు సేకర్తలు కొన్ని పద్ధతు లేర్పరచుకొన్నారు. మొదట చూడవలసినది, ధర అచ్చుతో వచ్చినదా, చేతిముద్రతో పడినదా యనునది. చేతిముద్ర వంకరగ పడును. సిరా ఒకచోట చిక్కగను ఒకచోట పలుచగను ఉండును. ఏ రెండు ప్రతులలోను ఒకేచోట నుండదు. కొన్ని ముద్రలలో ధరతోపాటు ఒక చిన్న అంకెయు కలదు. ఒక సంచిక ప్రతులు పెక్కింటిని పోల్చి, ఆ అంకెలను నెలల వరుసతో జతపరచి, ఏ సరకు ఎప్పుడు వచ్చెనో లెక్కగట్టినవారున్నారు. మన శాసన పరిశోధకులు లిపిని, తిథిని, రాజు పేరును పోల్చి కాలనిర్ణయము చేయు పద్ధతియే ఇది. వస్తువు చిన్నదైనంతమాత్రమున పద్ధతి చిన్నది కాదు.

మార్వెల్ అని నేడు పేరుపొందిన సంస్థ మరియొక మార్గము త్రొక్కినది. 1960 నుండి ఇంగ్లండునకు పంపు ప్రతులను అమెరికాలోనే, ఇల్లినాయ్ రాష్ట్రపు స్పార్టా పట్టణమున, తక్కిన ప్రతులు పడిన యంత్రముమీదనే, ధర అంకె మాత్రము మార్చి పెన్నీలతో అచ్చువేయించెను. కొన్నింటిలో నెలపేరును తీసివేసిరి. ఓడ చేరునప్పటికి నెలలు గడచును గదా! 1962 ఆగస్టు తేదీతో స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనబడిన ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచిక 12 సెంట్ల ప్రతిగను, తొమ్మిది పెన్నీల ప్రతిగను రెండు విధముల దొరకును. డీసీ సంస్థ పుస్తకములకు మాత్రము 1960లలో చేతిముద్రయే గతి. కావున అచ్చుధర యున్న ప్రతి పుట్టుకతోనే పరదేశమునకు ఉద్దేశింపబడినది. చేతిముద్ర యున్నది స్వదేశమునకై పుట్టి పరదేశమున స్థిరపడినది.

ఈ పుస్తకములు ఓడలు ఒరుగకుండ అడుగున వేసిన బరువుగా ఇంగ్లండు చేరినవని యొక కథ ప్రచారమున నున్నది. వినుటకు సొంపుగ నుండును. కాని నెలనెలకు మారు అంకె, మారకపు రేటునకు సరిపోవు ధర, పంపిణీ సంస్థ గుర్తు, ఇవన్నియు క్రమమైన వర్తకమునే సూచించుచున్నవి. కథ ఒకటి చెప్పగా ముద్ర మరియొకటి చెప్పినచో, మనము ముద్రనే నమ్మవలెను.

ఇక మన రూపాయి సంగతి. 1927 నుండి 1966 వరకు రూపాయి విలువ ఇంగ్లీషు నాణెములలో ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అనగా 18 పెన్నీలు. తొమ్మిది పెన్నీలనగా సరిగా అర్ధరూపాయి. పాతలెక్కలో ఎనిమిదణాలు, 1957 ఏప్రిల్ 1 తరువాతి లెక్కలో 50 నయాపైసలు. అమెరికావారి పది సెంట్లు సుమారు 48 నయాపైసలు. అమెరికాలో పది సెంట్లిచ్చిన పిల్లవాడును, లెస్టరులో తొమ్మిది పెన్నీలిచ్చిన పిల్లవాడును, బెంగుళూరులో అర్ధరూపాయి చేతబట్టిన పిల్లవాడును, లెక్కకు ఇంచుమించు ఒకే సొమ్ము పట్టుకొనియున్నారు. కాని అర్ధరూపాయి ఇచ్చట ఒక కుటుంబమునకు ఎంత, అచ్చట తొమ్మిది పెన్నీలు ఎంత అనునది వేరు ప్రశ్న. మారకపు పట్టిక ఆ భారమును చూపదు.

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గింపబడెను. డాలరు 4 రూపాయల 76 పైసల నుండి ఏడున్నర రూపాయల కెగసినది. 12 సెంట్ల పుస్తకము ఒక్కదినమున 57 పైసల విలువనుండి 90 పైసల విలువకు పోయెను. ఇవి మారకపు విలువలే గాని అంగడి ధరలు కావు. అయినను పరదేశపు పుస్తకము మధ్యతరగతి యింటి పిల్లవానికి ఎట్లు దూరమైనదో వీనివలన ఊహింపవచ్చును.

ఆ ఖాళీని స్వదేశపు ముద్రణ పూరించినది. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థవారు ‘ఇంద్రజాల్ కామిక్స్’ ఆరంభించి, లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్ కథను 60 పైసలకు అందించిరి. అమెరికా వీరుడే, కాని ధర రూపాయల లెక్కలో అచ్చుపడినది. అతని అరణ్యదేశము పేరు సహితము ఇచ్చట ‘డెంకాలి’గ మారినది. ఆ పత్రిక 1990 వరకు నడచినది. ఇంకను ముఖ్యమైన సంగతి మన నగరమునకు సంబంధించినది. 1965 ప్రాంతమున ఇండియా బుక్ హౌస్ బెంగుళూరు శాఖవారైన జి. కె. అనంతరామ్ పాశ్చాత్య కథలను పదింటిని కన్నడమున బొమ్మలపుస్తకములుగ వెలువరించిరి. ‘అమర చిత్రకథ’ అను పేరుతో వచ్చిన మాలకు అది తొలిమెట్టు. పిమ్మట అనంత పాయి సంపాదకత్వమున ఆ మాల మన పురాణకథల వైపు మరలినది. ఇంగ్లీషు మాలలో ‘కృష్ణ’ పదునొకండవ సంఖ్యతో మొదలగుటకు కారణమిదే; మొదటి పది సంఖ్యలును కన్నడపు పుస్తకములవి. ఒక అంకె యేల పదునొకండు అయినదని అడిగినచో సమాధానము బెంగుళూరులో దొరకుచున్నది.

మన ఊర ఇట్టి పుస్తకములను వెదకువారికి త్రోవలు కొదువ లేదు. 1948లో మహాత్మాగాంధీ రోడ్డుగ పేరు మారిన సౌత్ పరేడ్, బ్రిగేడ్ రోడ్డు, చర్చి వీథి, పేట వైపున అవెన్యూ రోడ్డు, ఇవి తరతరములుగ పుస్తకప్రియులు కాళ్లరిగిన తావులు. 1945లో కె. బి. కె. రావు స్థాపించిన సెలెక్ట్ బుక్ షాప్ పాతపుస్తకములకు ఈ నగరమున గౌరవస్థానము కల్పించినది. ఇట్టి తావులలో తొమ్మిది పెన్నీల ముద్రగల ప్రతి కనబడినచో, అది ఇంగ్లండు అంగడికై సిద్ధమైనదని నిశ్చయింపవచ్చును. అచ్చటి బంధువులు పంపినదో, తిరిగివచ్చినవారు తెచ్చినదో అయియుండును. రూపాయల ధరచీటీ అంటించిన ప్రతి ఇచ్చటి వర్తకుని చేతిమీదుగ వచ్చినది. అద్దె గ్రంథాలయపు ముద్ర యున్నది పలుయిండ్లు తిరిగినది. ఒకే అట్టపై మూడును ఉన్నచో అది ధన్యమైన పుస్తకము.

సేకర్తల లోకమున ముద్రపడిన ప్రతులకు చిరకాలము తక్కువ చూపు ఉండెను. సెంట్ల ధర యున్నదే అసలనియు, పెన్నీల ధర యున్నది నకలనియు భావించిరి. ఒకే యంత్రముమీద, ఒకే సమయమున, ఒకే కాగితముపై పడినవని తెలిసిన పిదప ఆ మాట నిలువలేదు. ఇంగ్లండునకు పంపిన ప్రతులు మొత్తములో చిన్నభాగమే కావున, అవియే అరుదైనవని నేడు వెదకువారు బయలుదేరిరి. పుస్తకము మారలేదు; చూచువారి తెలివి మారినది.

బెంగుళూరున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ సంగతి వేరుగ వివరింపనక్కరలేదు. మనలో పెక్కుర ఇంటిపేర్లు తాతముత్తాతలు విడిచివచ్చిన ఊళ్ల పేర్లు. మన మాటలో కన్నడపు పలుకు చేరినది. ఆంధ్రదేశమునకు పోయినప్పుడు బంధువులు దానిని విని నవ్వుదురు. ఆ పలుకు మన భాషకు పడిన మచ్చ యని చిన్ననాట నేనును సిగ్గుపడితిని, చెరుపుకొనుటకు ప్రయత్నించితిని. రబ్బరుతో రుద్దిన ఆ యట్టను చూచినప్పుడెల్ల ఆ ప్రయత్నము జ్ఞప్తికి వచ్చును.

మన యిండ్ల ట్రంకుపెట్టెలలో ఇంకను పాతపుస్తకములు కలవు. మద్రాసులో అచ్చుపడి ఇచ్చటికి వచ్చిన వావిళ్లవారి ప్రతులు, 1947లో పుట్టిన ‘చందమామ’ తొలి సంచికలు, పెండ్లిపిలుపులు, అణాల ధరగల పంచాంగములు అందుండవచ్చును. వానిపై అంగడివాని ముద్రయో, గ్రంథాలయపు గుర్తో, పెద్దలు వ్రాసికొన్న పేరో, కొన్న తేదియో కనబడును. ఇల్లు మారునప్పుడు అవి తూకమునకు పోవుచున్నవి. సోదరీసోదరులకు నా మనవి యొక్కటే. అమ్మకముందు అట్టను, మొదటి పుటను, చివరి పుటను చూడుడు. ముద్రను తుడువకుడు, చీటీని గీకి తీయకుడు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కొనిరో ఇంటిపెద్దలనడిగి ఒక చిన్న కాగితముపై వ్రాసి లోపల నుంచుడు. అడుగుటకు పెద్దలుండగనే ఈ పని జరుగవలెను.

నేను చెరిపిన పుస్తకము నేటికిని నావద్ద నున్నది. నాన్నగారు లేరు. ఆ కట్ట ఏ వీథినుండి తెచ్చిరో, ఆ కుటుంబమువా రెవరో నేను వారినడిగి యుండలేదు. తెల్లని మచ్చప్రక్కన ఒక చీటీ యుంచితిని. అందు ఇట్లు వ్రాసితిని: “ఇచ్చట తొమ్మిది పెన్నీల ముద్ర యుండెను. చెరిపినవాడను నేను.”